కూర ఖరీదులో మీ కూలి ఎక్కడుంది?

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. మావారిది ప్రైవేటు ఉద్యోగం, బాబు ఇంటర్ చదువుతున్నాడు. నా చేతి వంట బాగుంటుందని చుట్టుపక్కల అందరూ అంటారు. కర్రీ పాయింట్ పెట్టాలని చాలాకాలంగా కోరిక. చీటీ పాడిన డబ్బు 2 లక్షలుంది. చాలకపోతే గాజులు తాకట్టు పెడదామనుకుంటున్నాను. మావారు ‘నీ ఇష్టం’ అంటారు. అత్తగారేమో ‘మన ఇంటావంటా లేదు, కూరలమ్ముకునే ఖర్మ మనకేంటి’ అంటున్నారు. ధైర్యం చాలడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, కాకినాడ

జవాబు: చెల్లెమ్మా, ముందు గాజుల సంగతి. వాటి జోలికి వెళ్ళకండి. కొట్టు తెరవకముందే వడ్డీ మొదలైతే, రోజూ రాత్రి గల్లా లెక్కపెట్టేటప్పుడు వచ్చిన డబ్బు కంటే కట్టాల్సిన డబ్బే ముందు గుర్తొస్తుంది. ఉన్న 2 లక్షల్లో కూడా సగానికి మించి అడ్వాన్సుకీ సామానుకీ పెట్టొద్దు. మూసేసిన హోటళ్ళ గిన్నెలు, పొయ్యిలు తక్కువకే దొరుకుతాయి. మిగతా సగం మొదటి నెలల అద్దెకి, సరుకులకి అట్టేపెట్టండి. తర్వాత ఇంకా కావాల్సివస్తే చిన్న వ్యాపారాలకి అప్పులిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకంలో ‘శిశు’ కింద 50 వేల దాకా తనఖా లేకుండా అప్పు ఇస్తారు. నాలుగైదు నెలల లెక్కల పుస్తకం చేతబట్టుకుని బ్యాంకుకి వెళ్ళండి, మీ మాటకి బలం ఉంటుంది.

విజయవాడలో ఏళ్ళ తరబడి ఇదే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతాను. ఆడవాళ్ళు పెట్టిన కొట్లు మూతపడటం కళ్ళారా చూశాను. ఏ కొట్లోనూ రుచికి వంక లేదు. ఎవరూ తమ కూలి లెక్కలో రాసుకోలేదు, అంతే. దొండకాయ వేపుడే తీసుకోండి. కిలో 50 రూపాయలనుకుందాం. ముచ్చికలు కోసి, పండినవి ఏరేసి, నీరంతా ఇగిరేదాకా వేయిస్తే ముప్పావు కిలో కూడా మిగలదు. నూనె 30, పల్లీలు, కరివేపాకు, ఉప్పూ కారం 15, గ్యాసు, ప్యాకింగ్ 15. మొత్తం 110. ఆరు ప్యాకెట్లు కట్టి 30 చొప్పున అమ్మితే 180 వస్తుంది. ‘హమ్మయ్య, 70 మిగిలింది’ అనుకుంటాం. అందులోంచి అద్దె పోవాలి, కరెంటు పోవాలి, ఒక ప్యాకెట్ అమ్ముడుపోకపోతే 30 పోవాలి. మరి కాయ తరిగి, పొయ్యి ముందు చెమటలు కక్కింది ఎవరు? ఆ పనికి మనిషిని పెడితే రోజుకి ఎంత ఇస్తారో అంతా మీ పేరున ఖర్చు కింద రాయండి. నెలాఖరుకి ఆ మొత్తం కొట్టు డబ్బులోంచి మీ సొంత ఖాతాలో పడాలి. అది పోగా మిగిలిందే లాభం. మొదట్లో ఇవ్వడానికి డబ్బు లేకపోయినా సరే, కొట్టు మీకు బాకీ ఉన్నట్టు రాయండి. రాయకపోతే మీ కష్టం ఇంట్లోవాళ్ళకి కాలక్షేపంలా కనిపిస్తుంది. పోనుపోను మీకే అలా అనిపించడం మొదలవుతుంది. కొట్టు చితికేది అక్కడే.

ధైర్యం గురించి అడిగారు. కొట్టు అద్దెకి తీసుకోకముందు ఒక నెల ఇంటి నుంచే అమ్మి చూడండి. ఒక పప్పు, ఒక వేపుడు, ఒక పులుసు, ఒక రోటిపచ్చడి, అంతకు మించి వద్దు. ఊరికే రుచి చూపిస్తే ‘అద్భుతం వదినా’ అనని వాళ్ళుండరు. డబ్బిచ్చి కొన్నవాళ్ళు ఆ వారంలో మళ్ళీ వచ్చారా లేదా, అదొక్కటే చూడండి. సగం మంది తిరిగొస్తే చాలు, ధైర్యం దానంతటదే వస్తుంది.

చోటు చూసేటప్పుడు భానుగుడి సెంటర్ లాంటి చోట అద్దె చూసి బెంగపడకండి. మన కూరలు కొనేది ఇంట్లో కుక్కర్ పెట్టుకుని, కూర వండే ఓపిక లేనివాళ్ళు. అంటే గదులు తీసుకుని చదువుకునే పిల్లలు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకెళ్ళే ఇళ్ళు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు. మీ ఊళ్ళో జేఎన్‌టీయూ, రంగరాయ మెడికల్ కాలేజీ చుట్టుపక్కల సందుల్లో పదకొండు నుంచి ఒంటిగంట దాకా, మళ్ళీ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా నిలబడి, ఎవరు ఏ కవర్లు పట్టుకుని పోతున్నారో చూడండి. పిల్లల్ని నమ్ముకుంటే వేసవి సెలవుల్లో బేరం పడిపోతుంది. కార్తీకంలో ఉల్లి, వెల్లుల్లి లేని కూరలు అడుగుతారు. అవి విడిగా గిన్నె, విడిగా గరిటె పెట్టి వండితే ఆ నెలలో వచ్చినవాళ్ళు ఏడాదంతా వస్తారు. మిగిలిన కూర మాత్రం మర్నాడు వేడిచేసి అమ్మకండి. రాత్రి ఎనిమిదిన్నరకి సగం ధరకి ఇచ్చేయండి, లేదా ఎవరికైనా పెట్టేయండి. గిన్నె తెచ్చుకున్నవాళ్ళకి ఒక గరిటె ఎక్కువ వేయండి. మీకు కవరు ఖర్చు తగ్గుతుంది, వేడి పులుసు ప్లాస్టిక్‌లో పోయాల్సిన అవసరమూ తప్పుతుంది.

ఇక మీవారి ‘నీ ఇష్టం’. చాలా ఇళ్ళలో ఆ మాటకి అర్థం ‘నష్టమొస్తే నీదే’ అని. దాన్ని ఒప్పుకోలు కింద తీసుకోకండి. పక్కన కూర్చోబెట్టుకుని పనులు పేరుపేరునా అడగండి. పొద్దున్నే రైతుబజారుకి ఎవరెళ్తారు? సిలిండరు ఎవరు మారుస్తారు? బాబు పరీక్షల రోజుల్లో రాత్రి వంట ఎవరిది? ఎంత పోతే ఆపేస్తాం? ఆ చివరి ప్రశ్నకి జవాబు ఒక అంకె అవ్వాలి, ఇద్దరూ కలిసి కాగితం మీద రాయాలి. ఆ అంకె మీ కళ్ళ ముందుంటే ఒక రోజు బేరం తగ్గినంత మాత్రాన రాత్రి నిద్ర పాడుచేసుకోరు.

అత్తగారిని ఒప్పించాలని ఏడాదంతా ఎదురుచూడకండి. ఆవిడకి చెప్పకుండా మాత్రం ఏదీ చేయకండి. మా అత్తగారు చాలాకాలం మా కొట్టు గడప తొక్కలేదు. కొట్టు ముందు నుంచి వెళ్తూ తల తిప్పుకునేవారు. బాధ ఉండేది, దాచను. కానీ ఆవిడకి నచ్చనిది మన పని. మనం కాదు. ఆ రెండూ వేరని నాకు నేనే చెప్పుకునేదాన్ని. ఆవిడతో వాదన పెట్టుకోలేదు, వంటా ఆపలేదు.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇంటి నుంచి అమ్మినా సరే, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. దానికి 14 అంకెల నంబరు ఇస్తారు. కొట్టు తెరిస్తే కార్పొరేషన్‌లో ట్రేడ్ లైసెన్సు. చిన్న వ్యాపారాల్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసే, 2020 జులైలో మొదలైన ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి పైసా ఖర్చు లేదు, డబ్బు అడిగారంటే అది ప్రభుత్వ వెబ్‌సైట్ కాదని తెలుసుకోండి. ఇంటి గ్యాసు సిలిండరు కొట్లో వాడకూడదు, 19 కిలోల కమర్షియల్ సిలిండరే తీసుకోవాలి. దాని ధర వేరు. దాంతోనే లెక్క వేసుకోండి.

ప్రశ్న: ఇంట్లోనే బ్లౌజులు కుడుతున్నాను. బంధువులు ‘మనవాళ్ళమే కదా’ అని కూలి సగం ఇస్తారు, కొందరు అదీ ఇవ్వరు. మొహమాటంతో అడగలేకపోతున్నాను.
— మరో పాఠకురాలు, భీమవరం

జవాబు: అమ్మా, పైన చెల్లెమ్మకి చెప్పిందే మీకూ వర్తిస్తుంది. మిషను పైన గోడకి ధరల కాగితం అతికించండి. లైనింగ్ బ్లౌజు ఇంత, మామూలుది ఇంత, ఫాల్, పీకో ఇంత అని పెద్ద అక్షరాలతో రాయండి. బట్ట చేతికి తీసుకోకముందే దాన్ని చూపించి సగం అడ్వాన్సు అడగండి. కుట్టాక అడగడం కష్టం, కుట్టకముందు అడగడం తేలిక. పిన్నిగారికో, ఆడపడుచుకో తగ్గించాలని మీకే అనిపిస్తే తగ్గించండి, తప్పేం లేదు. అయితే ఎంత తగ్గించారో వాళ్ళకి నోటితో చెప్పండి, పుస్తకంలో రాయండి. ఎవరైనా అలిగి బట్ట వెనక్కి తీసుకెళ్తే వెళ్ళనివ్వండి. సంక్రాంతి ముందు మీ దగ్గర ఉండేదే తక్కువ సమయం, దాన్ని పూర్తి కూలి ఇచ్చేవాళ్ళకి కేటాయించండి.