నీరు లేని కూలెంట్: ఒక్కసారి ఖర్చు నిజంగా ఒక్కసారేనా?

ప్రశ్న: ఆరేళ్లుగా ఒకే కారు వాడుతున్నాను. దాని మీద అప్పు తీరిపోయింది. ఈ మధ్య ఒకసారి ఇంజిన్ వేడెక్కి దారిలో ఆగిపోయింది. నీరు కలవని కూలెంట్ వేయిస్తే మరగదని, తుప్పు పట్టదని, ఇక జన్మలో మార్చే పని ఉండదని మెకానిక్ అంటున్నారు. కారు మరమ్మతుల కోసం ఏడాదికి నేను పక్కన పెట్టే సొమ్ము దాదాపు అంతా దీనికే అయిపోతుంది. ఇంకో నాలుగేళ్లు ఈ కారే ఉంచుకుందామనుకుంటున్నాను. మార్చడం లాభమేనా?

జవాబు: మీ పరిస్థితిలో మార్చవద్దనే చెబుతాను. కూలెంట్ నాసిరకమని కాదు, మీకున్న నాలుగేళ్ల గడువులో ఆ ఖర్చు తిరిగి రాదు. మెకానిక్ గారు చెప్పినవాటిలో నిజం చాలానే ఉంది. ఈ ద్రవం దాదాపు పూర్తిగా గ్లైకాలే (మామూలు కూలెంట్‌లో నీటితో కలిపే రసాయన ద్రవం) కాబట్టి సుమారు 180 డిగ్రీల సెల్సియస్ దాటే వరకు మరగదు, నీరు లేదు కాబట్టి లోపలి లోహానికి తుప్పు బెడద తక్కువ, గొట్టాల మీద ఒత్తిడీ తక్కువే. అయితే మామూలు కూలెంట్ 100 డిగ్రీలకే మరిగిపోతుందనుకోవడం పొరపాటు. సగం నీరు, సగం గ్లైకాల్ ఉన్న మిశ్రమం, రేడియేటర్ మూత బయటి గాలి కంటే దాదాపు 1 బార్ ఎక్కువ ఒత్తిడిని లోపల నిలబెడుతున్నంత కాలం, 125 డిగ్రీలు దాటినా మరగదు. ఆ మూతలోని రబ్బరు గట్టిపడి ఒత్తిడి జారిపోతే మాత్రం అదే మిశ్రమం 107 డిగ్రీల దగ్గరే పొంగడం మొదలుపెడుతుంది. మొత్తం శీతలీకరణ వ్యవస్థలో అతి చవకైన భాగాల్లో ఆ మూత ఒకటి. మీ కారు ఆగినప్పుడు దాన్ని ఎవరైనా పరీక్షించారా అన్నది మీ ఉత్తరంలో లేదు.

వేడెక్కడానికి అసలు కారణం తెలియకుండా ద్రవాన్ని మార్చడం, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా దుప్పటి మార్చడం లాంటిది. తెరుచుకోని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే కవాటం), తిరగని ఫ్యాన్, పూడుకుపోయిన రేడియేటర్, కారుతున్న వాటర్ పంప్, వీటిలో దేన్నీ కొత్త ద్రవం బాగు చేయదు. పైగా ఒక కిలో నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 కిలోజౌళ్లు పడితే, శుద్ధ ఇథిలీన్ గ్లైకాల్‌కు సుమారు 2.4 చాలు. అంటే అంతే వేడిని మోసుకుపోవడానికి అది మరింత వేడెక్కాలి, లేదా మరింత వేగంగా పారాలి. చిక్కగా ఉండే ద్రవం కాబట్టి వేగంగా పారడమూ తేలిక కాదు. పాత ద్రవమైతే పొంగి, ఆవిరి చిమ్మి మనల్ని ఆపుతుంది. ఇది మరగదు కాబట్టి ఆ హెచ్చరికా ఆలస్యమవుతుంది, ఈలోగా సిలిండర్ హెడ్, అంటే ఇంజిన్ పైభాగాన్ని మూసే లోహపు భాగం, వంగిపోయే ప్రమాదం ఉంది.

ఇక డబ్బు సంగతి. మామూలు కూలెంట్‌ను కూలీతో సహా ఒకసారి మార్చడానికయ్యే ఖర్చును ఒక వంతు అనుకుందాం. నీరు లేని కూలెంట్‌కు, దాని ముందు వాడే శుభ్రపరిచే ద్రవానికి, అదనపు కూలీకి కలిపి ఐదు వంతులు అవుతుందనుకుందాం. మీ మెకానిక్ చెప్పిన అసలు అంకెలు ఈ చోట పెట్టుకుని చూడండి. ఇప్పటి దీర్ఘకాలిక కూలెంట్లు చాలావరకు ఐదేళ్లు వస్తాయి. ఆ లెక్కన ఐదు వంతులు రాబట్టాలంటే, ఇవాళ్టిదీ కలిపి, ఐదు మార్పులు తప్పాలి, అంటే ఇవాళ్టి నుంచి ఇరవయ్యో ఏడు వరకు కారు మీ దగ్గరే ఉండాలి. రెండేళ్లకొకసారి మార్చాల్సిన పాత రకమైతే ఎనిమిదేళ్లు. మీకున్నది నాలుగేళ్లే. అమ్మేటప్పుడు కొనేవారు ఈ కూలెంట్ చూసి ధర పెంచుతారని నేనైతే లెక్క వేసుకోను.

శుభ్రపరచడమే ఇందులో అసలు మెలిక. వ్యవస్థలో మిగిలే నీరు 3 శాతం లోపే ఉండాలని తయారీదారులు అడుగుతారు. ఆరు లీటర్లు పట్టే ఇంజిన్‌లో అది 180 మిల్లీలీటర్లు, ఒక చిన్న గ్లాసుడు. రేడియేటర్ అడుగు మర విప్పి పారబోశాక కూడా ఇంజిన్ బ్లాకులో, హీటర్ గొట్టాల్లో ఒక లీటరు పాత మిశ్రమం నిలిచిపోయిందంటే అందులో అర లీటరు నీరే. అందుకే ముందు వేరే ద్రవంతో కడిగి, దాన్నీ పూర్తిగా తీసేయాలి. ఈ పని సగం సగం చేసి పూర్తి డబ్బు తీసుకునేవారికి కొదవ లేదు. రేపు ఎక్కడో రోడ్డు మీద గొట్టం పగిలితే, ఎవరో సాయం చేయబోయి సీసాడు నీళ్లు పోస్తే, మీరు పెట్టిన ఐదు వంతుల్లో చాలా భాగం ఆ నీళ్లతోనే పోయినట్టు. “ఒక్కసారి ఖర్చు” అన్న మాటలో ఈ అవకాశాన్ని ఎవరూ కలపరు. కారు మీద ఇంకా వారంటీ ఉంటే, తయారీదారు సూచించని ద్రవం వాడితే ఏమవుతుందో ఆ కాగితాల్లో ముందే చదువుకోవాలి.

కారును పదిహేను, ఇరవై ఏళ్లు భద్రంగా ఉంచుకుని, అరుదుగా బయటికి తీసి, పనంతా దగ్గరుండి చేయించుకునేవారికైతే నా సమాధానం వేరుగా ఉండేది. మీకైతే ఈ ఏడాది సొమ్ములోంచి ముందు ఒత్తిడి పరీక్ష, మూత, థర్మోస్టాట్ చూపించండి. పాతబడిన గొట్టాలు మార్పించి, కారు పుస్తకంలో రాసిన రకం కూలెంటే, గడువు దాటి ఉంటే, కొత్తగా పోయించండి. మిగిలినదాన్ని మరమ్మతుల నిధిలోనే, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోగలిగే పొదుపు ఖాతాలో ఉంచండి. ఆరేళ్ల కారులో తర్వాతి ఖర్చు వాటర్ పంపో, బ్యాటరీయో, టైర్లో అయ్యే అవకాశమే ఎక్కువ. అప్పటికి చేతిలో నగదు లేక క్రెడిట్ కార్డు గీకితే కట్టే వడ్డీ, కూలెంట్ మీద ఆదా అవుతుందన్న మొత్తాన్ని తేలిగ్గా మింగేస్తుంది.

ఇదంతా చదివాక కూడా మార్పించాలనే అనిపిస్తే, పని పూర్తయ్యాక నీటి శాతం ఎంత వచ్చిందో మీ ఎదుటే కొలిపించి బిల్లు మీద రాయించుకోండి. కూలెంట్ ట్యాంకు మూత మీద “నీళ్లు పోయరాదు” అన్న చీటీ కనబడేలా అంటించండి.