మాజీ సైనికుల పెన్షన్లు, సంక్షేమ పథకాల మీద ప్రభుత్వ పర్యవేక్షణ నిజంగా ఉందా?

మీ తమ్ముడు ఆర్మీలో చేరబోతున్నాడనీ, జవాన్ల వ్యవహారాలు, పెన్షను, వైద్యం సరిగ్గా నడుస్తున్నాయో లేదో పైనుంచి చూసే నాథుడు ఎవరైనా ఉన్నాడా అనీ అడిగారు. నేను హవల్దారు కూతుర్ని, మాది గుంటూరు. చూసేవాళ్ళు చాలామందే ఉన్నారండీ. అందరూ ఢిల్లీలోనే ఉన్నారు. జిల్లాలో ఎవరూ లేరు. నా బాధంతా అదే.

ఢిల్లీ సంగతి ముందు చెప్పేస్తాను. మాజీ సైనికుల కోసం రక్షణ శాఖలో 2004లోనే విడిగా ఒక విభాగం పెట్టారు. పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం ఏటా బడ్జెట్ పద్దులు చూసేటప్పుడు పెన్షన్ల గురించీ, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ గురించీ అధికారుల్ని కూర్చోబెట్టి అడుగుతుంది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2015లో ఈసీహెచ్‌ఎస్ ఒక్కదాని మీదే నివేదిక ఇచ్చింది. ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ (ఒకే ర్యాంకులో, అంతే సర్వీసుతో రిటైరైనవాళ్ళకి ఎప్పుడు రిటైరైనా ఒకే పెన్షన్) గొడవ సుప్రీంకోర్టుకెక్కి 2022 మార్చిలో తీర్పొచ్చింది. బకాయిలు ఎప్పటిలోగా ఇవ్వాలో 2023లో మళ్ళీ ఆ కోర్టే గడువులు పెట్టాల్సి వచ్చింది. ఇవి కాక సైనికుల కేసులకి ప్రత్యేకంగా ట్రిబ్యునల్ ఉంది, 2007 చట్టంతో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కి దాని బెంచి చెన్నైలో ఉంది. పల్నాడులో ఒంటరిగా ఉండే ముసలావిడ పెన్షను కేసు కోసం చెన్నై వెళ్ళి వకీలుని పెట్టుకోగలదా? మీరే చెప్పండి.

ఇక మా ఇంట్లో జరిగింది.

నాన్న 1970ల్లో ఆర్మీలో చేరారు. హవల్దారుగా రిటైరై ఊరొచ్చి, పెన్షను మీదే మమ్మల్ని చదివించారు. ఆయన బతికున్నన్నాళ్ళూ నెల తిరిగేసరికి బ్యాంకులో డబ్బు పడేది, ఏ ఇబ్బందీ లేదు. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్ కోసం కాగితాలు పెట్టాం. మా అమ్మకి రావలసింది నాన్న ఆఖరి జీతంలో 30 శాతం, దాని మీద డీఏ. హక్కుగా రావలసిన డబ్బు.

ఆన్‌లైన్ సెంటర్లో కుర్రాడు వివరాలన్నీ ఎక్కించాడు, పేరు కలవడం లేదని వచ్చింది. ఇంటికొచ్చి నాన్న ట్రంకు పెట్టె తీసి డిశ్చార్జి బుక్కు చూశాను. కుటుంబ వివరాల పేజీలో సిరా వెలిసిపోయి ఊదారంగుకి తిరిగింది. యూనిట్ గుండ్రటి ముద్ర పక్కన అమ్మ పేరు. చివర 'అమ్మ' ఉండాల్సిన చోట 'దేవి' అని ఉంది. ఉత్తరాది గుమాస్తా ఎవరో వాళ్ళ వైపు అలవాటు ప్రకారం రాసేశాడు. ఇంటిపేరే లేదు. పుట్టిన తేదీ దగ్గర ఏదో ఒక తేదీ వేశారు. ఆధార్‌లో చూస్తే జనవరి 1 అని ఉంది, మన ఊళ్ళల్లో పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్ళందరికీ వేసినట్టే. ఆ కింద నా పేరు, అందులోనూ ఒక అక్షరం తక్కువ. నాన్న ఉన్నంతకాలం అమ్మ పేరుతో ఎవరికీ పనిపడలేదు కాబట్టి ఆ పేజీ ఎవరూ చూడలేదు.

కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్లో ఫిర్యాదు పెట్టాను. కొన్నాళ్ళకి ఫోనుకి సందేశం వచ్చింది. తెరిచి చూస్తే, మీ విషయం సంబంధిత రికార్డు ఆఫీసుకి పంపాం, ఇంతటితో ఫిర్యాదు ముగించాం అని ఉంది. కింద, మా సేవతో మీరు తృప్తి చెందారా అని ప్రశ్న. అమ్మకి చదివి వినిపించాను. "అయితే డబ్బు పడ్డట్టేనా?" అంది.

మీరు అడిగిన పర్యవేక్షణకి అసలు జబ్బు ఇక్కడే ఉందని నా నమ్మకం. పైవాళ్ళు చూసేది ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని ముగించారు అన్న లెక్క. ఆ లెక్కలో మా అమ్మ ఫిర్యాదు పరిష్కారమైన వాటిలో చేరిపోయింది. పార్లమెంటులో ఎవరైనా సభ్యుడు అడిగితే మంత్రిగారి జవాబులోకి వెళ్ళేది కూడా ఆ అంకెలే. ఇంట్లో మాత్రం రూపాయి పడలేదు. ఈసీహెచ్‌ఎస్ కార్డు మార్పు కూడా పెన్షను ఉత్తర్వు మీదే ఆధారపడి ఉంటుంది కనక, బీపీ మాత్రలు కూడా బయట కొన్నాం.

ఆ తర్వాత, నాన్న సర్వీసు కాగితాలుండే రికార్డు ఆఫీసు నుంచి స్పీడ్ పోస్టులో ఉత్తరం వచ్చింది. రెండు పేర్లూ ఒకే మనిషివని మేజిస్ట్రేటు ముందు అఫిడవిట్ చేయించాలి, పేపర్లో ప్రకటన వేయించాలి, తహసీల్దారు నుంచి ధ్రువపత్రం తేవాలి. అమ్మని ఆటో ఎక్కించుకుని ఒక్కో ఆఫీసూ తిప్పాను. మా వీధిలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు, అందరికీ 'మిలిటరీ ఆయన భార్య'. తహసీల్దారు ఆఫీసులో సాక్షులు కావాలంటే మా పక్కింటి అన్నయ్య వచ్చి అదే మాట అన్నాడు: "మిలిటరీ ఆయన గారి భార్యండీ ఈవిడ, చిన్నప్పట్నించీ ఎరుగుదును." కాగితం మీద రాయడానికి అది పనికి రాదన్నారు.

ఇంకోటి, పెన్షనుదారు బతికే ఉన్నట్టు ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్‌కి వేలిముద్ర. నాన్న సరిహద్దులో ఉన్న ఏళ్ళల్లో అమ్మ మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్ళేది. ఆ పని చేసిన చేతులు మీరు చూశారో లేదో, కారం మంటకి చర్మం పొరలు పొరలుగా లేచిపోయి, వయసు మీద పడేసరికి వేళ్ళ మీద గీతలు అరిగి నున్నగా అయిపోతాయి. మిషను ఎర్రలైటు వేస్తుంది, మళ్ళీ పెట్టమంటుంది. ఆ ఆన్‌లైన్ సెంటర్ కుర్రాడు మంచివాడు. "మామ్మగారూ, ఇంకో వేలు పెట్టండి" అంటూ పది వేళ్ళూ ప్రయత్నించాడు. తడిగుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టించాడు. ఆఖరికి ఫోన్లో ముఖం చూపించే పద్ధతిలో అయింది. ఆ పద్ధతి ఉందని మాకు ఏ ఆఫీసూ చెప్పలేదు, ఆ కుర్రాడే కనుక్కున్నాడు. గుంటూరు జిల్లాలో మిర్చి పని చేసిన ఆడవాళ్ళు ఎంతమంది! వీళ్ళ వేలిముద్రలు పడవని లైఫ్ సర్టిఫికెట్ విధానం రాసినవాళ్ళకి ఎవరు చెప్పాలి? పర్యవేక్షణ అంటే అది చెప్పడమే కదా.

మా పని అయింది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో, నాయక్ ర్యాంకులో రిటైరైన ఒకాయన వల్ల. నాన్న రెజిమెంటు కూడా కాదు. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, డిశ్చార్జి బుక్కు మొదటి పేజీ నుంచి చదివాడు. పేరు సవరణ పార్ట్ టూ ఆర్డర్‌లో (సైనికుడి కుటుంబ వివరాల మార్పులు నమోదు చేసే ఆర్మీ ఉత్తర్వు) ప్రచురించమని, దాని ఆధారంగా పెన్షను ఉత్తర్వుకి సవరణ ఇవ్వమని ఏ మాట ఎలా అడగాలో తానే ఉత్తరం రాసి ఇచ్చాడు. ఆయన రాసిన ఉత్తరంతో ఫైలు కదిలింది. నాన్న పోయిన మర్నాటి నుంచీ లెక్కగట్టి బకాయితో సహా వేశారు. ఒక మనిషి పుణ్యాన అయిన పని అది. ఆయన ఆ రోజు సెలవులో ఉంటే మా గతేంటి?

నేను గుంటూరులో ఉన్నాను, కంప్యూటర్ తెలుసు, ఇంగ్లీషులో ఉత్తరం రాయగలను. పిల్లలు లేని వితంతువుల మాటేమిటి? తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం గురించి ఏ పండగొచ్చినా టీవీలో చూపిస్తారు, ఇంటికో జవాను అని. అక్కడి ముసలమ్మలకి పెన్షను సరిగ్గా వస్తోందా అని మైకు పెట్టి అడిగిన విలేఖరిని నేను చూడలేదు. డిసెంబరు 7న జెండా దినోత్సవం చేస్తారు, శాలువాలు కప్పుతారు, ఫొటోలు దిగుతారు. ఆ వచ్చిన పెద్దలే ఒక గంట కూర్చుని, ఎవరి కాగితం ఎక్కడ ఆగిందో రాసుకుని వెళ్ళొచ్చు కదా! బంధువులైతే మరీను. మిలిటరీ ఇల్లంటే క్యాంటీను సీసా దొరుకుతుందా అని అడగడానికే వస్తారు. నాన్న పోయిన పదో రోజున కూడా ఒకాయన అడిగాడు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వైద్యం సంగతి కూడా చెప్పాలి, మీ తమ్ముడికి రేపు అవసరం. విజయవాడ, గుంటూరుల్లో సైనిక ఆసుపత్రి లేదు. విశాఖలో నేవీ వాళ్ళ కళ్యాణి ఉంది, లేకపోతే సికింద్రాబాదు వెళ్ళాలి. అంచేత ఇక్కడి మాజీ సైనికులు ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో రెఫరల్ రాయించుకుని ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి పోవాల్సిందే. నాన్నని ఒకసారి అలాంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కౌంటరులో అమ్మాయి కార్డు చూసి, "ఈసీహెచ్‌ఎస్ బెడ్లు ఖాళీ లేవండి" అంది. డబ్బు కట్టి చేరతామంటే బెడ్డు దొరికింది. ఆ ఆసుపత్రి వాళ్ళని తిట్టి లాభం లేదు, బిల్లులు నెలల తరబడి రాకపోతే ఎవరైనా అంతే చేస్తారు. చెల్లింపులు ఆలస్యమవుతున్నాయని, పాలీక్లినిక్‌లలో మందులకి ఇబ్బంది ఉందని కాగ్ 2015లోనే రాసింది. రాసిన తర్వాత ఏమైందో మళ్ళీ ఆసుపత్రి కౌంటరు దగ్గరికి వచ్చి చూసినవాళ్ళు లేరు. ఆడిట్ అంటే పంట కోశాక గట్టు మీద నిలబడి దిగుబడి లెక్కేసినట్టు ఉండకూడదు, తెగులు పట్టినప్పుడు చేలోకి దిగాలి.

నా దగ్గర ఒక మందు ఉంది. కొత్తదేం కాదు, మన రాష్ట్రంలో పుట్టిందే. ఉపాధి హామీకి సోషల్ ఆడిట్ చేస్తారు, చూశారా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2009లో దాని కోసం విడిగా సంస్థే పెట్టారు, దేశమంతా వచ్చి చూసి నేర్చుకుంది. గ్రామసభలో మస్టరు (హాజరు పట్టీ) తీసి పేరు పేరునా చదువుతారు. నీ పేరు ఇక్కడ ఉంది, పని చేశావా, డబ్బు చేతికందిందా అని అందరి ముందూ అడుగుతారు. అబద్ధమైతే ఆ కూలీయే లేచి చెబుతాడు. పెన్షన్లకీ ఈసీహెచ్‌ఎస్‌కీ అలాగే జిల్లాలో ఏడాదికోసారి పెట్టమనండి. ముగించామని చెప్పిన ఫిర్యాదుల జాబితా పట్టుకుని, ఆ ఇంటివాళ్ళని పిలిచి, నిజంగా తీరిందా అని అడగమనండి. ఆసుపత్రి వాళ్ళనీ, బిల్లులు పాసు చేసేవాళ్ళనీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టమనండి. సైన్యం వ్యవహారాలు రహస్యం అంటారు. తుపాకుల లెక్క రహస్యమేమో గానీ మా అమ్మ పెన్షనులో దేశ రహస్యం ఏముంది?

సర్వీసులో ఉన్న జవాను నోరు విప్పలేడు. రాజ్యాంగం 33వ అధికరణం కింద వాళ్ళ హక్కులకి పరిమితులు పెట్టారు, క్రమశిక్షణ కోసం అది అవసరమే అనుకుందాం. కష్టమొస్తే ఆర్మీ చట్టం ప్రకారం పై అధికారికి ఫిర్యాదు రాసుకోవాలి, పేపరుకెక్కకూడదు, సంఘం పెట్టకూడదు. నోరు కట్టేసినవాడి తరఫున చూసేవాళ్ళు మిగతావాళ్ళ కంటే రెట్టింపు జాగ్రత్తగా చూడాలా వద్దా?

మీ తమ్ముడు అగ్నివీర్‌గా వెళ్తున్నాడా అన్నది మీరు రాయలేదు. జవానుగా చేరాలంటే ఇప్పుడున్న దారి అదే కాబట్టి అదే అయ్యుండాలి. నాలుగేళ్ళ తర్వాత ఉంచేది 25 శాతం మంది వరకే. మిగతావాళ్ళకి సేవానిధి పేరుతో సుమారు 11.71 లక్షలు ఒకేసారి ఇచ్చి పంపుతారు, పెన్షనూ ఉండదు, ఈసీహెచ్‌ఎస్సూ ఉండదు. ఆర్మీలో మొదటి బ్యాచి 2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టింది, నాలుగేళ్ళకి బయటికొస్తుంది. రిజర్వేషన్లు, ఉద్యోగాలు అని చాలా హామీలు ఇచ్చారు. ఆ పిల్లల్లో ఎవరికి ఉద్యోగం దొరికింది, ఎవరు ఊళ్ళో ఖాళీగా కూర్చున్నారు అన్నది జిల్లాల వారీగా, పేర్లతో సహా లెక్క పెట్టి జనం ముందు ఉంచాలి. ఇదీ ఢిల్లీ అంకెల్లో కలిసిపోతే మాత్రం నేను ఒప్పుకోను.

మీరు ఇవాళే చేయగలిగిన పని చెబుతాను. చేరే ముందే అతని పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం నాలుగూ పక్కపక్కన పెట్టి ఇంటిపేరుతో సహా అక్షరం అక్షరం సరిచూడండి. పెళ్ళయినప్పుడూ పిల్లలు పుట్టినప్పుడూ పార్ట్ టూ ఆర్డర్ వేయించి, నకలు ఇంటికి పంపమనండి. మీ ఇంట్లో ఇప్పటికే రిటైరైన పెద్దవాళ్ళుంటే స్పర్శ్ అనే రక్షణ శాఖ పెన్షన్ల పోర్టల్లోకి వెళ్ళి భార్య పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలిశాయో లేదో వాళ్ళు ఉండగానే చూడండి. అప్పుడు సవరించడం తేలిక, సంతకం పెట్టే మనిషి ఉంటాడు. మేం వాడిన అఫిడవిట్ నమూనా, ఆ మాజీ నాయక్ రాసిచ్చిన ఉత్తరం నమూనా నా దగ్గరున్నాయి. కావాలంటే అడగండి, పేర్లు తీసేసి పంపుతాను.