రిఫైనరీ ఆగిపోయిన దేశంలో కెమికల్ ఇంజినీర్‌కు పని ఉంటుందా?

ప్రశ్న: కెమికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. జాంబియాలోని ఎన్డోలాలో ఉంటున్న మా బాబాయి, చదువయ్యాక అక్కడికి రమ్మంటున్నారు. అక్కడి రిఫైనరీ మూతపడిందని విన్నాను. రిఫైనింగ్‌లో ఎం.టెక్. చేసి వెళ్తే ఉపయోగం ఉంటుందా?

జవాబు: ఆ ఒక్క రిఫైనరీని నమ్ముకుని ఎం.టెక్.లో చేరవద్దు. అలాగని బాబాయి మాటను కొట్టిపారేయనూ వద్దు.

ఎన్డోలాలోని ఇండెని రిఫైనరీ 1973లో మొదలైంది. 2021 చివర్లో ఉత్పత్తి ఆపేశారు. ఎందుకు ఆగిందో అర్థం చేసుకుంటే మీ దారి మీకే తెలుస్తుంది. అది పాతకాలపు చిన్న రిఫైనరీ. బరువైన నూనెను పగలగొట్టి డీజిల్‌గా మార్చే యూనిట్లు అందులో లేవు. మామూలు ముడిచమురు పోస్తే కొలిముల్లో మండించే చిక్కటి ఫర్నేస్ ఆయిల్ ఎక్కువ, కావలసిన డీజిల్ తక్కువ. అందుకని ముడిచమురులో ముందే డీజిల్, నాఫ్తా (పెట్రోలు తయారీకి వాడే తేలికపాటి నూనె) కలిపి, టాంజానియా రేవు దారెస్సలాం నుంచి 1,710 కిలోమీటర్ల టజామా పైప్‌లైన్‌లో పంపేవారు. డీజిల్ కొని, చమురులో కలిపి, అంత దూరం నెట్టి, మళ్లీ వేడిచేసి విడదీయడం! ఈ లెక్క ఎంతకాలం నిలుస్తుంది?

ఆ పైప్‌లైన్‌ మాత్రం ఖాళీగా లేదు. 1965లో దక్షిణాన పొరుగునున్న రొడీషియా (నేటి జింబాబ్వే) ఏకపక్షంగా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక దక్షిణపు దారి మూసుకుపోయి జాంబియా ఇంధనానికి అల్లాడింది. ఆ అవసరంలోంచి 1968లో పుట్టిన గొట్టం అది. 2023 నుంచి అందులో డీజిల్ నడుస్తోంది. దశాబ్దాలు ముడిచమురు మోసిన గొట్టాన్ని డీజిల్‌కు సిద్ధం చేయాలంటే గోడలకు పట్టిన మైనం, మడ్డి వదిలించాలి. వచ్చిన సరుకు రంగు, గంధకం చూడాలి. ఇది అచ్చంగా మీ చదువుకు సంబంధించిన పనే.

పెట్రోలు లారీ ట్యాంకర్లలో వస్తుంది. పెట్రోలు మోసిన ట్యాంకర్ అరలో అడుగున కాస్త మిగిలిపోయి, దానిమీద డీజిల్ నింపితే ఫ్లాష్ పాయింట్ (ఇంధనపు ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే కనిష్ఠ ఉష్ణోగ్రత) ఒక్కసారిగా పడిపోతుంది. కంటికి తేడా తెలియదు, ప్రయోగశాలలోనే బయటపడుతుంది. సరిహద్దు దగ్గర లారీలు బారులు తీరితే డిపోలో ఎన్ని రోజుల నిల్వ ఉందో లెక్కగట్టేవాడే ఆ వారానికి పెద్ద దిక్కు. పైగా కొనేది డాలర్లలో, అమ్మేది జాంబియా కరెన్సీ క్వాచాల్లో. క్వాచా జారిందంటే బంకులో ధర పెరిగినట్టే. సముద్రం లేని దేశంలో ఇంధన ఉద్యోగాలు బట్టీ దగ్గర కంటే దారి పొడవునా ఎక్కువ.

కాబట్టి మీ కాలేజీలో ఉంటే పైప్‌లైన్ హైడ్రాలిక్స్, ఇంధన పరీక్షలు, నిల్వ ట్యాంకుల భద్రత ఎంచుకోండి. ఇంటర్న్‌షిప్ రిఫైనరీలో దొరక్కపోతే దిగులొద్దు, ఇంధనాన్ని నిల్వచేసి పంపిణీ చేసే టెర్మినల్‌లో చేయండి. నా ఉద్దేశంలో అదే మేలు. ఎం.టెక్. రెండేళ్లు పనిచేశాక ఆలోచించవచ్చు.

వెళ్లేముందు నియామక పత్రం, ఉద్యోగ అనుమతి చేతికి రావాలి. 'ముందు వచ్చెయ్, తర్వాత చూద్దాం' అంటే బాబాయి అయినా సరే, ఒప్పుకోకండి. అక్కడ ఇంజినీర్‌గా పనిచేయాలంటే జాంబియా ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూషన్‌లో నమోదు తప్పనిసరి.

ఇంకొకటి, మీరు అడగకపోయినా చెప్తాను. ఎన్డోలా ఉన్నది రాగి గనుల ప్రాంతమైన కాపర్‌బెల్ట్‌లో. ఖనిజాన్ని ఆమ్లంలో కరిగించి రాగిని వేరుచేసే ప్లాంట్లకు కెమికల్ ఇంజినీర్లు కావాలి. ఆ పని నేర్పే హైడ్రోమెటలర్జీ ఐచ్ఛికంగా ఉంటే అదీ తీసుకోండి. బాబాయిని ఆ గనుల్లో ఖాళీల గురించి కూడా వాకబు చేయమనండి.