ఇంటర్ పిల్లాడు గంజాయికి అలవాటు పడితే కొట్టి, ఇంట్లో కట్టడి చేస్తే మానతాడా?

మానడు, కొన్నాళ్లు దాచిపెడతాడంతే. అలవాటు పోవాలంటే కౌన్సెలింగ్‌తో కూడిన వైద్యం కావాలి. మంచిచెడ్డలు తూచి మనసును ఆపే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి సుమారు 25 ఏళ్లు పడుతుంది. సుఖాన్ని వెతికే భాగం మాత్రం టీనేజీలోనే జోరు మీద ఉంటుంది. అందుకే ఈ వయసులో మత్తు తొందరగా పట్టుకుంటుంది.

పరకాల నుంచి వచ్చి హనుమకొండ హాస్టల్లో ఎప్‌సెట్‌కు చదివే కుర్రాడిని ఊహించుకోండి. వీక్లీ టెస్టులో మార్కులు పడిపోయాయి, టెన్షన్, రాత్రి నిద్ర లేదు. రూమ్మేట్ సిగరెట్టులో గంజాయి పొడి నింపి ఇచ్చాడు. ఆ రాత్రి నిద్రపట్టింది. తర్వాత అదే మందనుకున్నాడు. మానేసిన ఒకట్రెండు రోజులకే చిరాకు, ఆకలి లేకపోవడం, నిద్రలేమి మొదలై మొదటి వారంలో బాగా ముదురుతాయి. ఇంట్లోవాళ్లు దాన్ని పొగరనుకుని కొడతారు. పాపం, వాడు మళ్లీ దాని దగ్గరికే పోతాడు. డాక్టర్ ముందుగా చూసేది ఆ టెన్షన్, దిగులు సంగతే. తల్లిదండ్రులనూ కూర్చోబెట్టి మాట్లాడతారు.

అన్నంలో తెలియకుండా మందు కలిపితే మానతాడని చాలామంది నమ్ముతారు. గంజాయికి అలాంటి మందే లేదు. మద్యం మాన్పించే మాత్రలు చాటుగా పెడితే ప్రాణం మీదికి రావచ్చు, దయచేసి ఆ పని చేయకండి. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఫోన్లో సలహాకు టోల్‌ఫ్రీ నంబరు 14446.