భయం మీద పరిశోధన చేస్తానంటున్నాడు, నీట్ మానేయాలా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అబ్బాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ బైపీసీ సెకండియర్ చదువుతున్నాడు. నీట్‌కి చదవమంటే, భయానికీ డోపమైన్‌కీ సంబంధం అంటూ ఏవేవో తిరగేస్తున్నాడు. డాక్టర్ని అవ్వను, రీసెర్చ్ చేస్తానంటాడు. అసలు అదొక చదువేనా?

జవాబు: చదువేనండీ, గట్టి చదువు. డోపమైన్ అంటే మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే రసాయనం. అదంటే ఆనందమేనని రీల్స్‌లో ఊదరగొడుతుంటే, మీవాడు అసలు సంగతి పట్టుకున్నాడు. ఎలుకకు ఒక శబ్దం వినిపించి, వెంటనే కాళ్లకు చిన్న షాక్ ఇస్తారు. కొన్నిసార్లు అలా అయ్యాక, షాక్ లేకపోయినా శబ్దం వినగానే అది కొయ్యబారిపోతుంది. ఎన్ని సెకన్లు కదల్లేదో లెక్క కడతారు. (స్టడీ అవర్ బెల్లు మోగితే బిగుసుకుపోయే పిల్లలు మన హాస్టళ్లలో తక్కువేం కాదు.) భయం నేర్చుకోవడం వేరు, నేర్చుకున్నది బయటపడటం వేరు. మెదడులో అమిగ్డలా అనే చోట డోపమైన్ రిసెప్టర్లను (ఆ సంకేతాన్ని అందుకునే కణాల భాగాలను) అడ్డుకునే మందు ఇచ్చి చూస్తే, భయం ముందే నేర్చిన ఎలుకలు కూడా అంతగా బిగుసుకోలేదని కొన్ని ప్రయోగాల్లో తేలింది. ఇంకో విచిత్రం, వస్తుందనుకున్న షాక్ రాకపోతే కొన్ని డోపమైన్ కణాలు చురుకవుతాయి. ఆ భయం మెల్లగా తగ్గడానికి అదీ ఒక కారణం. ఫోబియాల చికిత్సకు ఈ పరిశోధన అక్కరకొస్తుంది.

అలాగని నీట్ మానిపించకండి. డోపమైన్ మీద కృషికి 2000లో వైద్య నోబెల్ పంచుకున్న ఆర్విడ్ కార్ల్‌సన్ చదివింది మెడిసినే. ఎంబీబీఎస్ తర్వాత కూడా పీహెచ్‌డీకి వెళ్లొచ్చు.

దాంతోపాటు ఐఏటీ రాయించండి. తిరుపతిలోని కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌లో అయిదేళ్ల బీఎస్-ఎంఎస్‌కి అదే ప్రవేశ పరీక్ష. 60 ప్రశ్నల్లో 15 మ్యాథ్స్, బైపీసీ వాళ్లకు చిక్కంతా అక్కడే. తర్వాత పీహెచ్‌డీకి బెంగళూరు నిమ్హాన్స్, ఐఐఎస్సీ, మానేసర్‌లోని మెదడు పరిశోధన కేంద్రం ఎన్‌బీఆర్‌సీ ఉన్నాయి. దానికి ఇంకో అయిదారేళ్లు. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. తోటివాళ్లు ఇళ్లు కొంటుంటే ఇతను ల్యాబ్‌లోనే ఉంటాడు. దానికి సిద్ధపడాల్సింది మీవాడికంటే ముందు మీరే.

సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఒక్క మాట అడగండి: రోజూ ఎలుకల్ని చేత్తో పట్టుకోవాలి, షాక్ ఇవ్వాలి, ఒక్కోసారి చంపి మెదడు తీయాలి, నీవల్ల అవుతుందా అని. కాదంటే మనుషుల మీద చేసే పరిశోధనా ఉంది, స్కానింగ్‌తోనో, అరచేతి చెమట కొలిచో. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇలాంటి కాగ్నిటివ్ సైన్స్ చదువుకో విభాగం కూడా ఉంది. వాడు అటు మొగ్గితే మళ్లీ రాయండి, ఆ దారి విడిగా చెబుతాను.