పద్దెనిమిది నిండాయి, హోం వదలాలి: బీటెక్ ఫీజు ఎలా?

ప్రశ్న: నాకు ఆరేళ్లప్పుడు అమ్మ, నాన్న ఇద్దరూ పోయారు. అవ్వ నన్ను శ్రీకాళహస్తి దగ్గర ఒక చిల్డ్రన్ హోంలో చేర్చింది. ఇప్పుడు అవ్వా లేదు. పోయిన నెల నాకు 18 నిండాయి. ఇంటర్ ఎంపీసీ పాసై ఎప్‌సెట్ రాశాను. ఒక కాలేజీ వాళ్లు హోంకే వచ్చి, పదివేలు కట్టి ఒరిజినల్స్ ఇస్తే మేనేజ్‌మెంట్ సీటు రాసుకుంటామని, ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వస్తుందని చెప్పారు. ఇన్నేళ్లూ తొంగిచూడని పిన్ని, చిన్నాన్న ‘మా ఇంట్లో ఉండు, ఫీజులు మేం చూసుకుంటాం’ అంటున్నారు. ఏ ఆఫీసుకు పోయినా అమ్మానాన్నల్ని పిలుచుకొని రమ్మంటారు. నాకు దారేది?

జవాబు: అమ్మా, ముందు ఆ పదివేలు కట్టొద్దు. ఒరిజినల్స్ అస్సలు ఇవ్వొద్దు. మేనేజ్‌మెంట్ కోటాలో, స్పాట్ అడ్మిషన్లలో చేరినవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో నూటికి 70 సీట్లు కన్వీనర్ కోటావి. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో వాటిలో ఒకటి వస్తేనే ఆ డబ్బు. ఈ తేడా రెండో ఏడాది ఫీజు నోటీసు చేతికొచ్చినప్పుడుగానీ చాలామందికి తెలియదు. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు తిరుపతిలోనే ఉన్న ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలను ప్రైవేటు వాటికన్నా పైన పెట్టు. అక్కడ ఫీజుతో పాటు హాస్టల్ బెంగ కూడా తగ్గుతుంది. నీకు అసలు కష్టం ఫీజు కాదు, సెలవుల్లో ఎక్కడ ఉండాలన్నదే. కాబట్టి చేరేటప్పుడే వేసవిలో హాస్టల్ మూసేస్తారా అని అడుగు.

ఇక హోం సంగతి. 18 నిండగానే మూట సర్దుకొని వెళ్లిపోవాలని చట్టం అనలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్‌లో ఆఫ్టర్‌కేర్ అని ఉంది. హోం నుంచి బయటికొచ్చిన వాళ్లకు 21 ఏళ్ల దాకా, అవసరాన్ని బట్టి 23 దాకా సాయం చేయొచ్చు. కేంద్రం నడిపే బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద ఇది నెలకు 4,000 రూపాయలు, నేరుగా నీ ఖాతాలో పడాలి. సెక్షన్‌లో ‘ఇవ్వవచ్చు’ అనే ఉంది, ‘ఇవ్వాలి’ అని లేదు. అందుకే అడగనివాళ్లకు తనంతట తాను రాదు. హోం వదలడానికి రెండు నెలల ముందే హోంలోని బాలల సంక్షేమ అధికారి నీ గురించి ప్లాన్ రాసి బాలల సంక్షేమ సమితికి పంపాలి. పంపారా అని అడుగు. లేదంటే నువ్వే తెల్లకాగితం మీద అర్జీ రాసి, ఒకటి సమితికి, ఒకటి జిల్లా బాలల సంరక్షణ అధికారికి ఇచ్చి, నీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకో. నోటిమాటతో ఏదీ కదలదు.

లెక్క చూడు. 18 నుంచి 21 దాకా 36 నెలలు, అంటే 1,44,000. బీటెక్ నాలుగేళ్లు. సాయం ఆగేది సరిగ్గా ప్రాజెక్టు, ప్లేస్‌మెంట్ల ఏడాదిలో. 23 దాకా పొడిగించమనే అర్జీ మూడో ఏడాది మొదట్లోనే ఇవ్వు. మార్కుల లిస్టు, కాలేజీ బోనఫైడ్ జత చేయి.

నీ ఫైలు ఎక్కడుందో కూడా వెతకాలి. నిన్ను హోంలో చేర్చినప్పుడు ఉమ్మడి చిత్తూరు జిల్లా. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. నిన్ను హోంలో ఉంచమని సమితి ఇచ్చిన పాత ఆర్డర్ చిత్తూరు ఆఫీసులోనే ఉండిపోయి ఉండొచ్చు. తిరుపతిలో ‘మా దగ్గర లేదు’ అంటే వెనక్కి తిరక్క, ఆ మాటే రాసిమ్మని చిత్తూరు వెళ్లు. రెండు చోట్లా తిప్పుకుంటే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో ఇచ్చి రసీదు తీసుకో.

చాలామందికి తెలియనిది ఇంకొకటి. పదేళ్లలోపు తల్లిదండ్రులను పోగొట్టుకొని, చూసుకునే దిక్కులేక, ప్రభుత్వ హోంలోగానీ ప్రభుత్వ గుర్తింపు ఉన్న హోంలోగానీ చేరిన అనాథ పిల్లలు మన రాష్ట్రంలో బీసీ-ఏ కింద వస్తారు. నీకు ఆరేళ్లే. సమితి ఆర్డర్, అమ్మానాన్నల మరణ ధ్రువపత్రాలు, హోం సర్టిఫికెట్ పట్టుకొని గ్రామ లేదా వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టు. మీ అమ్మానాన్నలది ఎస్సీ, ఎస్టీ అని కాగితం ఉంటే మాత్రం దాన్నే పట్టుకో. ఆదాయ ధ్రువపత్రం నీ పేరు మీదే తీసుకో.

సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ల స్వనాథ్ స్కాలర్‌షిప్ అనాథ విద్యార్థులకు ఏడాదికి 50,000 ఇస్తుంది. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. కానీ వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకుంటూ ఇది తీసుకోకూడదు. ఇది తీసుకుంటే రీయింబర్స్‌మెంట్‌లో నీకు పోయే ఫీజు ఎంతో చూసి, ఏది ఎక్కువైతే అది ఎంచుకో.

దరఖాస్తులు ఆగేది ఎక్కువగా చిన్న విషయాల దగ్గరే. నీ ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబర్ ఎవరిది? హోం పిల్లలందరికీ ఒకే వార్డెన్ నంబర్ ఇచ్చేస్తుంటారు. ఆమె బదిలీ అయిందంటే ఓటీపీ ఆమెకే పోతుంది, నువ్వు మీసేవలో కూర్చొని చూస్తుంటావు. ముందు అది మార్పించు. మైనర్ ఖాతా ఉంటే ఇప్పుడు నీ సంతకంతో మేజర్ ఖాతాగా మార్పించి, ఆధార్ లింక్ అయిందో లేదో బ్యాంకులో కనుక్కో. టెన్త్ మెమోలో, ఆధార్‌లో, సమితి ఆర్డర్‌లో నాన్న పేరు ఒకే అక్షరాలతో ఉందా చూడు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు వరసగా ఉండాలి. హోం మారినప్పుడు స్కూల్ మారి ఉంటే మధ్యలో ఒక ఏడాది తప్పిపోతుంది, లోకల్ సీటుకు అదే అడ్డం. చేరాక హాజరు 75 శాతం తగ్గనీయకు, తగ్గితే రీయింబర్స్‌మెంట్‌కే ఎసరు.

పిన్నివాళ్ల మాట. వాళ్ల మనసులో ఏముందో నేను చెప్పలేను, బహుశా ప్రేమే కావచ్చు. పండక్కి వెళ్లు, నాలుగు రోజులుండు, సంబంధం తెంచుకోకు. కానీ హాస్టల్ సీటు వదులుకొని ఆ ఇంటికి మకాం మార్చొద్దు. ‘చూసుకుంటాం’ అన్న మాటను నమ్మి ఏ గడువూ దాటించొద్దు. వాళ్ల రైస్ కార్డులో నీ పేరు ఎక్కించుకున్నావంటే వాళ్ల ఆదాయాన్ని నీ కుటుంబ ఆదాయంగా లెక్కేస్తారు, రెండున్నర లక్షలు దాటితే రీయింబర్స్‌మెంట్ పోతుంది. పైగా ‘చూసుకునే దిక్కు లేదు’ అన్న బీసీ-ఏ షరతుకూ అది చిక్కే. నిజంగా సాయం చేయాలనుంటే లాప్‌టాప్‌కో, బస్ పాస్‌కో ఇమ్మను, కాదనరు.

అమ్మానాన్నల్ని తీసుకురమ్మనే చోట నీ వయసు చెప్పు. 18 నిండినదానివి, నీ సంతకం నీదే. ఫారంలో తల్లి, తండ్రి గడుల్లో వాళ్ల పేర్ల ముందు ‘లేట్’ అని రాయి, గార్డియన్ గడిలో హోం సూపరింటెండెంట్ పేరు రాయి. ఆమె ఇచ్చిన లెటర్ జిరాక్సులు నాలుగు ఎప్పుడూ ఫైల్లో ఉంచుకో.