మందకు కుక్క కావాలన్న మేనల్లుడికి

అల్లుడికి అనంతపురం నుంచి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన ఫొటోలు చూశాను. నీ కాపలాజాతి రాట్‌వీలర్ ఆడకుక్క నిగనిగలాడుతోంది. తిండికి లోటు చెయ్యడం లేదని తెలుస్తూనే ఉంది. బాగల్‌కోట్ జిల్లా నుంచి తెప్పిస్తానంటున్న ముధోల్ వేటజాతి మగకుక్క కూడా చూడచక్కగా ఉంది. ఈసారి ఎదకు రాగానే రెండింటినీ జత కట్టిస్తానని, తల్లి బలం తండ్రి వేగం కలిసిన పిల్లలు పుడితే ఇక మంద ఛాయలకు తోడేలు రాదని రాశావు. ఫోనులో మాట్లాడితే నన్ను సగంలోనే ఆపేస్తావు. అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నా సలహా, వద్దు. అయితే ఎందుకు వద్దో తెలియకుండా మానుకుంటే వచ్చే ఏడాది ఇంకో రెండు జాతులతో ఇదే పని చేస్తావు. నేను మాత్రం తెలిసి చెబుతున్నానా? చేసి, చేతులు కాల్చుకుని చెబుతున్నాను.

పశువైద్యుడిగా చేరిన నాలుగో ఏడు అనుకుంటాను, నా దగ్గర వేటకుక్క వాలకం ఉన్న ఒక ఆడకుక్క ఉండేది. సన్నటి నడుము, పొడవాటి మూతి, పరుగెత్తితే దుమ్ము తప్ప కుక్క కనబడేది కాదు. పట్టణంలో ఒక ఆసామి ఇంట్లో దూడంత గ్రేట్ డేన్ మగకుక్క ఉంటే, నీకొచ్చిన ఆలోచనే నాకూ వచ్చింది. ఏడు పిల్లలు పుట్టాయి. ఆర్నెల్లు తిరిగేసరికి చూసినవాళ్లందరూ నాకొకటి నాకొకటి అన్నారు. ఛాతీ వెడల్పు, కాళ్ల పొడవు, ఒంటి మీద పులిచారలు. నాకు కాస్త గర్వం కూడా వచ్చింది, దాచడం ఎందుకు.

అందులో అన్నిటికంటే అందమైనదాన్ని కళ్యాణదుర్గం వైపు గొర్రెలు కాసే ఒక పెద్దాయనకు ఇచ్చాను. ఏడాది నిండిన తరువాత అది మందను వదిలి కుందేళ్ల వెంట పోవడం మొదలుపెట్టింది. మైలు దూరం పోయి, నాలుక వేలాడేసుకుని గంటకు తిరిగొచ్చేది. తోడేళ్లు జంటగా వస్తే ఒకటి కనబడి కుక్కను లాక్కుపోతుందని, రెండోది ఇటునుంచి గొర్రెపిల్లను ఎత్తుకుపోతుందని కాపరులు చెబుతారు. ఇలాంటి కుక్క ఉన్నచోట తోడేలుకు ఆ శ్రమ కూడా అక్కర్లేదు, ఒక కుందేలు చాలు. అదైనా సహించేవాడేమో ఆ పెద్దాయన. ఈనికల కాలంలో ఒక సాయంత్రం గొర్రెపిల్లలు గెంతుతూ పరుగులు తీస్తుంటే ఇది వాటిని తరిమింది. కోపంతో కాదు, పగతో కాదు. కదిలేదాన్ని తరమాలని దాని తల్లి రక్తం చెప్పింది, పట్టుకున్నాక వదలని దవడ తండ్రి ఇచ్చాడు. మూడు పిల్లలు పోయాయి. "తోడేలైతే ఒకదాన్ని ఎత్తుకుపోతుంది సార్, ఇది ఆడుకుంటూ మూడింటిని చంపింది" అన్నాడు. నేను డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. కుక్కను మాత్రం తీసుకుపొమ్మన్నాడు.

మిగతావాటి సంగతీ చెప్పాలి, లేకపోతే ఒక్క కుక్కను చూసి అన్నిటినీ తిట్టానంటావు. ఒకటి పగలూ రాత్రీ బండి కింద పడుకునేది, దొంగ వచ్చి దాటుకుపోయినా తల ఎత్తేది కాదు. ఒకటి నిజంగానే మంచి కుక్క అయింది. మామిడితోటలో తొమ్మిదేళ్లు బతికింది, తోటవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ ఒక్కదాన్ని చూసి, దాని సంతతి నిలపాలని మరో ఈత వేయించాను. ఆ పిల్లల్లో తండ్రిని పోలినది ఒక్కటంటే ఒక్కటి లేదు. ఒకటి ఉత్త వేటకుక్క, ఒకటి ఉత్త బరువు, రెండు మనిషి నీడను చూసినా వణికేవి.

ఇందులో వింత ఏమీ లేదని తరువాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. రెండు దూరపు జాతులను కలిపితే మొదటి ఈత రూపంలో చాలావరకు ఒకే తీరున వస్తుంది. చూపుకు బాగుంటుంది, ఆరోగ్యమూ కాస్త గట్టిగానే ఉంటుంది. ఆ పిల్లలకు పుట్టే తరువాతి తరంలో పేకముక్కలన్నీ కలిపి మళ్లీ పంచినట్టే, ఎవరి చేతికి ఏది వస్తుందో చెప్పలేం. పశువుల్లో సంకరం చేస్తున్నారు కదా అంటావేమో. అక్కడ పాలు లీటర్లలో కొలుస్తాం, రెండు రకాల మధ్య ఎక్కడో ఒకచోట లెక్క తేలుతుంది. కుక్క పని అలా కొలతకు రాదు. అది ఒకదాని వెంట ఒకటి జరిగే చేష్టల వరస. చూడడం, నక్కి వెళ్లడం, తరమడం, పట్టడం, చంపడం. ఒక్కో జాతిలో మనుషులు ఈ వరసలో కొన్నింటిని పెంచారు, కొన్నింటిని అణిచారు. రెండు వరసలను తెంపి ముడివేస్తే మధ్యరకం పని రాదు. ఎక్కడ ఆగాలో తెలియని కుక్క వస్తుంది.

వేటకుక్క పని కంటితో మొదలవుతుంది. దూరంగా ఏదో కదిలిందంటే మెడ నిక్కుతుంది, కాళ్లు లేస్తాయి, ఆ క్షణాన నీ కేక దాని చెవికి ఎక్కదు. చాలామంది దాన్ని మొండితనం అంటారు. వందల ఏళ్లుగా ఎదుటి జంతువును వదలని కుక్కనే ఎంచి పెంచి, ఇప్పుడు పిలిస్తే రావడం లేదని విసుక్కుంటే ఎలా? మంద కుక్క విద్య వేరు. టర్కీలో సివాస్ ప్రాంతపు కంగాల్ అయినా, మన హిమాలయాల్లో గద్దీ, బకర్వాల్ కుక్కలైనా మంద మధ్యలోనే పడుకుంటాయి. గొర్రెపిల్ల వచ్చి మూతి నాకినా ఊరుకుంటాయి. అలికిడి అయితే లేచి అడ్డం నిలిచి మొరుగుతాయి, కొంత దూరం తరుముతాయి, వెనక్కి వచ్చేస్తాయి. ఆ వెనక్కి రావడంలోనే ఉంది కాపలా అంతా. అమెరికాలో రేమండ్ కాపింజర్ అనే జీవశాస్త్రవేత్త ఏళ్ల తరబడి మంద కుక్కలను పరిశీలించి మూడు గుణాలు ముఖ్యమన్నాడు. గొర్రెల మీద ధ్యాస, గొర్రెలకు హాని చెయ్యకపోవడం, అపాయం వస్తే అడ్డుపడడం. ఆ జాబితాలో వేగం లేదు చూడు.

ఇంకొకటి. నీ రాట్‌వీలర్ కాపలా జాతే, కాదనను. కానీ ఎవరికి కాపలా? జర్మనీలో రాట్‌వీల్ పట్టణం పేరు మీద వచ్చిన ఆ జాతి పశువులను తోలడానికి, బండి లాగడానికి, యజమానినీ అతని సొత్తునూ కాయడానికి పెరిగింది. మనిషి పక్కన ఉంటేనే దానికి ధైర్యం, దానికి పని. రాత్రంతా మనిషి లేకుండా గొర్రెల మధ్య ఉండడం దాని వంశంలో లేదు. పైగా మన మే నెల ఎండలో ఆ నల్లటి బొచ్చు, ఆ బరువు. ముధోల్ అయితే ఈ నేలకు పుట్టినదే, ఎండను తట్టుకుంటుంది. సంకరంలో తల్లి బొచ్చు వచ్చి తండ్రి పరుగు వస్తే ఏమవుతుందో ఊహించు. మధ్యాహ్నం కుందేలును తరిమి వడదెబ్బకు పడిపోతుంది. పొడవాటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే జబ్బు కూడా ఎక్కువ. రాత్రిపూట పొలంలో వస్తే తెల్లారేదాకా ఉండదు.

మరి ఇలాంటి సంకరాలతో గొప్ప జాతులు పుట్టలేదా అని నువ్వు అడుగుతావని నాకు తెలుసు. పుట్టాయి. ఐర్లండ్‌లో తోడేళ్లు అంతరించాక వాటిని వేటాడే వోల్ఫ్‌హౌండ్ జాతి కూడా దాదాపు కనుమరుగైంది. 1860లలో కెప్టెన్ జార్జ్ అగస్టస్ గ్రాహం అనే ఆయన దాన్ని మళ్లీ నిలబెట్టాలని పూనుకుని, మిగిలినవాటికి స్కాటిష్ డీర్‌హౌండ్, గ్రేట్ డేన్, బోర్జోయ్ వంటివి కలుపుతూ పోయాడు. జాతి సంఘం ఏర్పడేసరికి 1885 వచ్చింది. అంత శ్రమపడి తీసిన ఆ కుక్క ఇవాళ ఎలా ఉంటుందో తెలుసా? మేకపోతంత ఎత్తు, పాలలాంటి మనసు. కాపలాకు పనికిరాదని దాన్ని పెంచేవాళ్లే చెబుతారు. ఆయుష్షు ఏడెనిమిదేళ్లు. ఆఫ్రికాలో రొడీషియన్ రిడ్జ్‌బ్యాక్ ఉంది. అక్కడి ఖోయిఖోయి ప్రజల కుక్కలతో ఐరోపావాళ్ల రకరకాల కుక్కలు కలిసి వచ్చింది. 1922లో ఇప్పటి జింబాబ్వేలోని బులవాయోలో దానికి ప్రమాణాలు రాసుకున్నారు. దాని పని సింహాన్ని చంపడం కూడా కాదు, వేటగాడు వచ్చేదాకా చుట్టూ మొరుగుతూ నిలపడం. అర్జెంటీనాలో నోరెస్ మార్టినెజ్ సోదరులు 1920లలో మొదలుపెట్టిన డోగో అర్జెంటీనోలో పోట్లాట కుక్కల రక్తమూ ఉంది, ఐరిష్ వోల్ఫ్‌హౌండ్ రక్తమూ ఉంది. అది అడవిపందిని పట్టి నిలపడానికి.

గమనించావా? ఈ కలయికలోంచి మనుషులు తీసింది పెద్ద జంతువును తరిమి పట్టే వేటకుక్కను. అదీ ఎన్నో తరాలు పెంచి, పనికిరానివాటిని నిర్దాక్షిణ్యంగా పక్కన పెడుతూ. డాబర్‌మ్యాన్‌లో గ్రేహౌండ్ రక్తం కలిపారంటారు, మంచి కాపలాకుక్కే అయింది కదా అని నువ్వు వాదించవచ్చు. అది న్యాయమైన మాటే. కానీ అది కలిపింది చెంచాడు, ఎంచింది దశాబ్దాలు, కాయమన్నది మనిషిని. నీ దొడ్డిలో నువ్వు చేద్దామనుకుంటున్నది సగానికి సగం, ఒక్క ఈత.

ఇక వేటకుక్కే కావాలంటావా, మన దేశంలో దానికి పని లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అన్న మాటకు ఇచ్చిన అర్థంలో కుక్కలతో తరిమించడమూ వస్తుంది. కుందేలు, కృష్ణజింక, చివరికి నీ మందకు శత్రువైన తోడేలు కూడా ఆ చట్టం నీడన ఉన్నవే. తోడేలును చంపే కుక్క అని ఊళ్లో గొప్పగా చెప్పకు. రాట్‌వీలర్ విషయంలో మరో చిక్కు. 2024 మార్చిలో కేంద్రం 23 రకాల కుక్కల పెంపకం, అమ్మకం, వాటి సంకరాలతో సహా, ఆపమని రాష్ట్రాలకు రాసింది. అందులో అదీ ఉంది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసిందనుకో, కానీ నీ సంకరం పిల్ల దారినపోయే బడిపిల్లవాడిని కరిస్తే ఊరివాళ్లు కోర్టు తీర్పు అడగరు.

సరే, ఏం చెయ్యాలో చెబుతాను. రెండు గుణాలు కావాలంటే రెండు కుక్కలు పెంచు. నీ రాట్‌వీలర్‌ను ఇంటి దగ్గర, మేత గోదాము దగ్గర ఉంచు. అది దానికి తగిన పని. మంద కోసం మీ పక్క ఊళ్లలోనే వెతుకు. రాత్రిపూట పొలాల్లో మంద నిలిపేవాళ్ల దగ్గరకు పోయి, చీకట్లో కాస్త దూరంగా నిలబడి ఏ కుక్క ముందు లేస్తుందో, లేచింది ఎంత దూరం వచ్చి ఆగుతుందో చూడు. మంద అంచుదాకా వచ్చి ఆగి మొరిగేదాని పిల్ల కావాలి నీకు. జాతి పేరు అడగకు. అమెరికాలో నవాహో తెగవాళ్ల మందలను కాసేవి ఏ జాతికీ చెందని ఊరకుక్కలే. పిల్లగా ఉన్నప్పుడే గొర్రెలతో కలిపి పెంచుతారు, అంతే కిటుకు.

ఎనిమిది వారాల వయసులో తెచ్చుకో, అంతకుముందు తల్లి నుంచి విడదీయకు. తెచ్చిన రోజు నుంచే దాని పడక గొర్రెపిల్లల దొడ్డిలో ఉండాలి. నాలుగు నెలలు నిండేలోపు ఎవరితో పెరిగితే వాళ్లే దాని బంధువులు. పక్కన చిన్న కంచె కట్టి, గొర్రెలు తోసినప్పుడు అది తప్పించుకునే చోటు ఒకటి ఉంచు. నువ్వు రోజూ వెళ్లి ఒళ్లంతా తడుము, మందు వెయ్యడానికి దొరకాలి కదా. కానీ ఇంట్లోకి తెచ్చి పిల్లలతో బంతి ఆడించకు. మీ అమ్మ ముద్దు చేస్తుంది, ముందే చెప్పి ఉంచు. ఎనిమిది నెలల నుంచి ఏడాది వయసులో అది గొర్రెపిల్లలతో పరాచకాలు మొదలుపెడుతుంది, చెవి పట్టి లాగుతుంది. అప్పుడు కొట్టవద్దు, గట్టిగా అదిలించి పెద్ద పొట్టేళ్ల మధ్య కొన్నాళ్లు ఉంచు. వాటి కొమ్ములు నీకంటే బాగా నేర్పుతాయి. రెండేళ్లు నిండేదాకా దాన్ని ఒంటరిగా నమ్మకు. మగదైతే పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించు, ఊరి మీద పడి తిరగడం చాలావరకు తగ్గుతుంది.

మూడో నెలలో రేబిస్ టీకా, తరువాత ఏటా మానకుండా వేయించు. చచ్చిన గొర్రె తలకాయను ఎప్పుడూ పచ్చిగా కుక్కకు వెయ్యకు. గొర్రె ఒకే వైపు గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయే జబ్బు చూశావుగా, దాని పురుగు గొర్రె మెదడులోంచి కుక్క కడుపులోకి, కుక్క పెంటలోంచి మేతలోకి, మళ్లీ గొర్రెలోకి వస్తుంది. మూడు నెలలకొకసారి కుక్కకు ప్రాజిక్వాంటెల్ మాత్ర వేస్తే ఆ దారి తెగుతుంది. 31 ఏళ్ల ఉద్యోగంలో తోడేళ్ల కంటే ఈ పురుగు తిన్న గొర్రెలనే నేను ఎక్కువ చూశాను.

ముధోల్ మగకుక్క ఆయనకు బయానా ఇచ్చానన్నావు. తిరిగి ఇస్తే తీసుకో, లేకపోతే వదిలెయ్యి. కళ్యాణదుర్గం పెద్దాయన కొడుకు ఇప్పుడు మంద నడుపుతున్నాడు, వాళ్ల గోధుమరంగు కుక్క ఈని మూడు వారాలైందని కబురు వచ్చింది. వచ్చే అమావాస్య రాత్రి వాళ్ల మంద దగ్గరకు పోదాం, నువ్వు బండి తీసుకుని చీకటి పడేలోపు ఇక్కడికి వచ్చెయ్యి. ఆయన నాకు కుక్కపిల్లను ఇస్తాడో లేదో మాత్రం చెప్పలేను, వాళ్ల నాన్న ఆ మూడు గొర్రెపిల్లల సంగతి ఇంట్లో చెప్పే ఉంటాడు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మామయ్య